జామకొమ్మతో మెటాఫిజిక్స్: ఇంటి దగ్గరే తత్వవిచారం చేసుకునే పద్ధతి

మెటాఫిజిక్స్ మీద ఆసక్తి ఉందండీ, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదు అనేవాళ్ళు నాకు తరచూ తగులుతుంటారు. నిజానికి వాళ్ళలో సగంమంది అప్పటికే మొదలుపెట్టేసి ఉంటారు, కాకపోతే దేవుడున్నాడా, చచ్చాక ఏమవుతాం, ఈ జగత్తు నిజమా అబద్ధమా అన్న చివర్నుంచి మొదలెడతారు. నాలుగో మాటకి "అంతా మాయేనండీ" అని తేల్చేసి టీ డబ్బులిచ్చి వెళ్ళిపోతారు. ఈత రానివాడు ఆగస్టు నెల వరద గోదాట్లో దూకినట్టుంటుంది ఆ పద్ధతి. ముందు పంటకాలవ చూసుకోవాలి.

ఒక వస్తువు ఉందంటే ఏమిటి, అది మారుతూ కూడా అదే వస్తువుగా ఎలా ఉంటుంది, ఒకటి ఎప్పుడు రెండవుతుంది, లేనిదాని గురించి మాట్లాడితే దేని గురించి మాట్లాడినట్టు... ఈ ప్రశ్నలే మెటాఫిజిక్స్‌లో అసలు సరుకు. వీటికి కావాల్సినవన్నీ మన గోదావరి డెల్టాలో చేతికందే దూరంలో ఉన్నాయి. ఒక జామచెట్టు, సంక్రాంతికి దేవుణ్ణి ఊరేగించడానికి వెదుళ్ళతో కట్టే ప్రభ, జిల్లా మ్యాపు, ఒక పాత సినిమా, ఒక పూతరేకు చాలు. కింద చెప్పిన వరుస మాత్రం మార్చొద్దు. ఎందుకంటే ప్రతి మెట్టు దగ్గరా ఒకటే అడుగుతాం, "దీన్ని తేల్చే అధికారం ఎవరికుంది?" అని. మొదటి మెట్టు దగ్గర ఆ అధికారం ప్రభుత్వానిది, తర్వాత ఊరిది, పైకి వెళ్ళేకొద్దీ ఎవరికీ ఉండదు. అక్కడే అసలు కష్టం.

మొదటి మెట్టు: జిల్లా

ఒక కాగితం తీసుకుని రాయండి. 1925లో పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడింది, అప్పటిదాకా గోదావరి జిల్లాగా ఉన్నది తూర్పు గోదావరి అయింది. 2022 ఏప్రిల్ 4న మళ్ళీ విడగొట్టారు. అప్పటిదాకా తూర్పు గోదావరికి కేంద్రంగా ఉన్న కాకినాడ వేరే జిల్లా అయిపోయింది. అమలాపురం కోనసీమలోకి వెళ్ళింది. తూర్పు గోదావరి అన్న పేరు రాజమండ్రికి మిగిలింది, గోదావరికి పడమటి గట్టున ఉన్న కొవ్వూరు, నిడదవోలు వచ్చి ఆ తూర్పు గోదావరిలో చేరాయి. అవతల ఏలూరుది కూడా ఇదే కథ. నిన్నటిదాకా పశ్చిమ గోదావరికి కేంద్రం, ఇవాళ ఆ జిల్లాలోనే లేదు.

ఇప్పుడు ప్రశ్న. పాత తూర్పు గోదావరి జిల్లా ఏమైంది? చచ్చిపోయి కొత్తవి పుట్టాయా, లేక చిక్కిపోయి రాజమండ్రి దగ్గర బతికే ఉందా? పేరు ఒకచోట, కేంద్రం ఒకచోట, నేల ఎక్కువభాగం ఇంకెక్కడో ఉన్నాయి. ఏది పాతదాని వారసత్వం?

ఓ పది నిమిషాలు ఆలోచించండి, అంతకుమించి వద్దు. ఇక్కడ లోతు లేదు. గెజిట్‌లో ఏం రాస్తే అదే జవాబు, అది రాశాక తెలుసుకోవాల్సిన నిజం ఇంకేమీ మిగలదు. ఇలాంటి ప్రశ్న ఎలా ఉంటుందో నాలుక మీద రుచి పట్టేసుకోండి చాలు. ముందుముందు వచ్చే ప్రతి ప్రశ్నకీ "ఇది కూడా జిల్లా లాంటిదేనా?" అని అడగాల్సి వస్తుంది.

రెండో మెట్టు: ప్రభ

కనుమనాడు అంబాజీపేట దగ్గర జగ్గన్నతోట తీర్థానికి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఏకాదశ రుద్రులు, అంటే పదకొండు మంది శివుళ్ళు, ప్రభల మీద వస్తారు. గంగలకుర్రు ప్రభల్ని మోసుకుంటూ కుర్రాళ్ళు కౌశిక ఏరు దాటడం చూడ్డానికి జనం గట్ల మీద కిక్కిరిసిపోతారు. ఈ ప్రభకి ఏటా వెదుళ్ళు, గుడ్డలు, కట్లు మళ్ళీ కొత్తగా వేస్తారు. అయినా ఊళ్ళో ఎవర్ని అడిగినా "మా ప్రభ" తాతల నాటిదే.

"కర్రలన్నీ మార్చేశారు కదరా బావా, అదే ప్రభ ఎలా అవుద్ది?"

"కర్రలు మారితే? రుద్రుడు మారాడా?"

ఆ రెండో వాడు చేసిన పని గమనించండి. వస్తువుకి గుర్తింపు దేనివల్ల వస్తోందో వేలుపెట్టి చూపించాడు. ఏథెన్సు వాళ్ళు తమ పురాణవీరుడు థీసియస్ పడవలో పుచ్చిపోయిన చెక్కలు ఒక్కొక్కటే మారుస్తూ వచ్చారనీ, చివరికి అది ఆ పడవేనా కాదా అని తత్వవేత్తలు కొట్టుకున్నారనీ ప్లూటార్క్ రాశాడు. 1655లో ఇంగ్లీషు తత్వవేత్త థామస్ హాబ్స్ దానికి ఇంకో మెలిక పెట్టాడు. తీసేసిన పాత చెక్కలన్నీ ఎవడో దాచి, వాటితో మళ్ళీ పడవ కడితే? ఇప్పుడు రెండు పడవలు, థీసియస్‌ది ఏది?

మీరూ అదే చెయ్యండి. నిరుటి ప్రభ కర్రలు పక్క వీధి పిల్లలు ఎత్తుకెళ్ళి వాటితోనే ఒక ప్రభ కట్టారనుకోండి. ఊరి ప్రభ ఏది? ఇక్కడ ఎవరూ తడుముకోరు, రుద్రుడున్నదే. సరే, ఇప్పుడు కాగితం మీద ఐదు మాటలు రాయండి: కర్ర, ఆకారం, దేవుడు, మోసేవాళ్ళు, దారి. ఒక్కటి మార్చి మిగతా నాలుగూ అలాగే ఉంచండి. తర్వాత ఇంకోటి. ఏది మార్చినప్పుడు మీ నోట "అబ్బే, అది మా ప్రభ కాదు" అన్న మాట వస్తుందో అదే బరువు మోస్తున్న స్తంభం. ఈ "ఒక్కటే మార్చు" అన్నది మొత్తం విద్యలో అతి ముఖ్యమైన పనిముట్టు. ఒకేసారి మూడు మార్చేసి వాదించేవాళ్ళతో కూర్చోకండి.

ఇంతకీ అధికారం ఎవరిది? ఊరిది. కలెక్టరు ఆర్డరు ఇచ్చి పక్క వీధి ప్రభే అసలుదన్నా ఊరు నవ్వి ఊరుకుంటుంది. అంటే జిల్లా కంటే ఒక మెట్టు పైకొచ్చాం.

మూడో మెట్టు: గూటీ

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఉందాం. ఇది నిజంగా చేతులతో చెయ్యాలి. కడియం నర్సరీల వైపు వెళ్ళినవాళ్ళకి గూటీ అంటు కట్టడం, అంటే చెట్టు మీదుండగానే కొమ్మకి వేళ్ళు పుట్టించడం, కొత్తేం కాదు, కానీ కట్టేటప్పుడు ఏం జరుగుతోందో అడిగేవాళ్ళు తక్కువ.

వానలు పడ్డాక జామచెట్టుకి పెన్సిలంత లావున్న, బాగా ఆరోగ్యంగా ఉన్న కొమ్మ ఒకటి చూసుకోండి. దానిమ్మకీ నిమ్మకీ కూడా వస్తుంది. కొబ్బరికి రాదు, కొబ్బరి మొక్క కావాలంటే కాయ నుంచే రావాలి. కొమ్మ చుట్టూ కత్తితో రెండు గాట్లు, మధ్యలో రెండు మూడు సెంటీమీటర్ల దూరం. ఆ మధ్యనున్న బెరడు ఉంగరంలా ఊడొచ్చేస్తుంది. లోపల తెల్లటి కర్ర కనిపిస్తుంది, దానిమీద జారుడుగా ఒక పొర ఉంటుంది, దాన్ని కత్తి వీపుతో గీకెయ్యాలి. గీకకపోతే బెరడు మళ్ళీ అతుక్కుంటుంది, మీ శ్రమ వృథా. తడిపి పిండిన నాచుగానీ కొబ్బరి పొట్టుగానీ గుప్పెడు తీసుకుని ఆ చోట చుట్టి, పైన పల్చటి పాలిథిన్ కాగితం చుట్టి, రెండు చివరలా సుతిలితో బిగించి కట్టండి. గాలి చొరబడకూడదు, తడి ఆరకూడదు.

ఆకుల్లో తయారైన ఆహారం బెరడు గుండా కిందికి దిగుతుంది. బెరడు కోసేశారు కాబట్టి అక్కడ ఆగిపోతుంది. నీళ్ళు మాత్రం లోపలి కర్ర గుండా పైకి వస్తూనే ఉంటాయి, అందుకే కొమ్మ ఎండదు. పైన పేరుకున్న ఆహారంతో గాటు పై అంచున వేళ్ళు పుడతాయి. కొన్ని వారాలకి పాలిథిన్‌లోంచి తెల్లటి దారాల్లా కనిపిస్తాయి. అవి కాస్త ముదిరి గోధుమరంగుకి తిరిగాక ముడి కింద కోసి, కాగితం విప్పి, కుండీలో పెట్టి కొన్నాళ్ళు నీడలో ఉంచాలి.

ఇప్పుడు కాగితం తియ్యండి. కోసేముందు చెట్లు ఎన్ని? ఒకటి, సరే. కోసిన తర్వాత? రెండు. మరి కోతకి ముందు రోజు సాయంత్రం? వేళ్ళున్నాయి, ఆకులున్నాయి, నీళ్ళు మాత్రం తల్లిచెట్టు నుంచి వస్తున్నాయి. అప్పుడది కొమ్మా, మొక్కా? రెండోది పుట్టిన క్షణం ఏది? కత్తి దిగిన క్షణమే అంటారా, అయితే వేళ్ళు పుట్టకముందు కోసి ఉంటే అదేమీ పుట్టించేది కాదు, ఎండు పుల్ల మిగిలేది. వేళ్ళు పుట్టిన క్షణం అంటారా, ఎన్ని వేళ్ళు? ఒకటా, పదా?

దీన్ని జిల్లాతో పోల్చి చూడండి. సర్పంచి వచ్చి "నేను చెప్తున్నా, ఇది ఇవాళ్టి నుంచి వేరే మొక్క" అన్నంతమాత్రాన వేళ్ళు లేని కొమ్మ బతకదు. అలాగని ప్రకృతి కూడా గీత గీసి చూపించట్లేదు. సగం మన చేతిలో, సగం చెట్టు చేతిలో ఉన్న ప్రశ్న ఇది. ఇలాంటివే ఎక్కువుంటాయి మెటాఫిజిక్స్‌లో, వీటినే జనం త్వరగా వదిలేస్తారు, నాకైతే అన్నిటికంటే రుచి ఇక్కడే.

ఇంకో అడుగు వెయ్యండి. కుండీలో ఉన్నదీ పెరట్లో ఉన్నదీ, తల్లిచెట్టు ఏది? "పెరట్లోదే, అది కదల్లేదు కదా" అనడం తేలిక. మరి అరటి సంగతి? గింజ లేని చక్కెరకేళి పిలకల వల్లే వ్యాపిస్తుంది. ఒక పిలక నుంచి గెల, దాని పక్కన ఇంకో పిలక, అలా రావులపాలెం వైపు తోటల్లో ఉన్న చక్కెరకేళి అంతా ఒకే మొక్క ముక్కలుముక్కలుగా ఉన్నట్టా? ఔనంటే వచ్చే చిక్కు, కాదంటే వచ్చే చిక్కు రెండూ రాసుకోండి. జవాబు కంటే ఆ రెండు చిక్కుల జాబితా మీకు ఎక్కువ పనికొస్తుంది.

నాలుగో మెట్టు: శశిరేఖ

చెట్టుకి మనసు లేదు కాబట్టి ఇంతవరకూ టెన్షన్ లేదు. మనిషి దగ్గరికొస్తే సినిమా కావాలి. 1957 నాటి మాయాబజార్ చూడని తెలుగిల్లు తక్కువ, కాబట్టి కథ చెప్పక్కర్లేదు. ఘటోత్కచుడు శశిరేఖ రూపం వేసుకుని పెళ్ళివారింట్లో తిరుగుతాడు. తెరమీద ఉన్నది సావిత్రి. అంటే ఒకే బొమ్మలో మూడు పొరలు: ఒంటి రూపం శశిరేఖది, మనసు ఘటోత్కచుడిది, నటించేది సావిత్రి.

చెయ్యాల్సిన పని ఇది. ఆ సన్నివేశాల్లో మాయాశశిరేఖ ఒంటరిగా ఉన్న ఒక చోట ఆపి, పక్కన కూర్చున్న ఎవర్నయినా "ఇక్కడున్నది ఎవరు?" అని అడగండి. దాదాపు అందరూ ఘటోత్కచుడే అంటారు. నడక, చూపు, మీసం దువ్వబోయే చెయ్యి అంతా అతనిదే. అంటే మనకి తెలియకుండానే మనం ఇంగ్లీషు తత్వవేత్త జాన్ లాక్ పక్షం. రాజకుమారుడి మనసు తన జ్ఞాపకాలతో సహా చెప్పులు కుట్టేవాడి ఒంట్లోకి వెళ్తే, ఆ మనిషి రాజకుమారుడే అని 1694లో ఆయన వాదించాడు. గుర్తింపు ఒంటిది కాదు, ఎరుకది అని.

ఇక్కడ ఆగిపోతే సగమే చేసినట్టు. 1785లో థామస్ రీడ్ పెట్టిన చిక్కుని మనింటికి తెచ్చుకుందాం. ఒక తాతగారికి నలభై ఏళ్ళప్పుడు గోదారి మధ్యనున్న లంకలో వరదలో చిక్కుకున్న సంగతి బాగా గుర్తుంది. ఆ నలభై ఏళ్ళ మనిషికి చిన్నప్పుడు బడిలో తిన్న దెబ్బలు బాగా గుర్తుండేవి. ఇప్పుడు తాతగారికి ఆ దెబ్బలు బొత్తిగా గుర్తులేవు. లాక్ లెక్కన తాతగారూ ఆ నలభై ఏళ్ళాయనా ఒకరే, ఆయనా ఆ కుర్రాడూ ఒకరే, కానీ తాతగారూ కుర్రాడూ ఒకరు కాదు! ఒకటి రెండోదే, రెండోది మూడోదే అయితే ఒకటి మూడోది కాకుండా ఎలా పోతుంది? దీన్ని సరిచెయ్యడానికి కొందరు ఎరుక తిన్నగా అందక్కర్లేదు, గొలుసులా ఒకదానికొకటి తగులుకుంటే చాలు అన్నారు. గొలుసు ఒప్పుకుంటే మళ్ళీ గూటీ దగ్గరికొస్తారు చూడండి: గొలుసు రెండు పాయలుగా చీలితే? ఇద్దరికీ ఒకే జ్ఞాపకాలుంటే, అందులో మీరెవరు?

ఈ ప్రశ్నని గెజిట్ తేల్చలేదు. ఊరు తేల్చలేదు. రేపు పొద్దున్న లేచేది నేనా కాదా అన్నదానికి ఎవరో ఓటు వేసి జవాబు చెప్తే మీరు ఒప్పుకుంటారా? నేనైతే ఒప్పుకోను. కొందరు తత్వవేత్తలు ఇది కూడా జిల్లా లాంటిదే, అనవసరంగా భయపడుతున్నాం అంటారు. వాళ్ళ వాదనలో తప్పు చూపించడం కష్టమే, కానీ ఆ మాట నమ్మి ప్రశాంతంగా నిద్రపోయినవాణ్ణి నేను చూడలేదు.

ఒక పక్క ప్రశ్న, ఓపికున్నవాళ్ళకి. వ్యాసభారతంలో శశిరేఖ పెళ్ళి కథ లేదు. శశిరేఖ అనే మనిషీ ఎక్కడా లేదు. మరి "శశిరేఖ బలరాముడి కూతురు" అంటే నిజం, "దుర్యోధనుడి కూతురు" అంటే అబద్ధం ఎలా అవుతోంది? "ఆ కథ ప్రకారం" అన్న మాట మనసులో కలుపుకుంటున్నాం అనేది మామూలు జవాబు. సరే, "శశిరేఖ మా అమ్మమ్మకి సీత కంటే ఇష్టం" అన్న వాక్యానికి ఏ కథ ప్రకారం?

ఐదో మెట్టు: లేకపోవడం

ఇది చిన్నది. తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రాసిన తర్కసంగ్రహం ఇప్పటికీ న్యాయదర్శనం (కోర్టు న్యాయం కాదు, మన పాత తర్కవిద్య) మొదలుపెట్టేవాళ్ళకి మొదటి పుస్తకం. అందులో ఉన్న ఏడు పదార్థాల్లో, అంటే లోకంలో ఉన్నవాటిని విడదీసిన ఏడు రకాల్లో, ఏడోది అభావం, అంటే లేకపోవడం కూడా లెక్కలోకొచ్చే సంగతే. దాన్ని నాలుగు రకాలు చేశాడు. గూటీలో ఇంకా వేళ్ళు పుట్టకముందు వాటి లేమి ప్రాగభావం, దానికి మొదలు లేదు, తుది ఉంది. గోదారి కోసుకుపోయిన లంకభూమి లేమి ప్రధ్వంసాభావం, దానికి మొదలుంది, తుది లేదు. మరో చోట మేట వేసి కొత్త లంక లేచినా అది వేరే నేలే. గాలికి రంగు లేకపోవడం అత్యంతాభావం, కుండ గుడ్డ కాకపోవడం అన్యోన్యాభావం.

అభ్యాసం: లంక రైతు దగ్గర పట్టా కాగితం పెట్టెలో ఉంది, నేల ఏట్లో కలిసిపోయింది. ఆయన దగ్గర ఇప్పుడు ఉన్నదేమిటి? ఇందులో జిల్లా ఎంత, చెట్టు ఎంత, విడదీసి రాయండి.

ఆరో మెట్టు: పూతరేకు

ఇప్పటిదాకా వస్తువుల గురించి. తెలియడం అంటే ఏమిటన్నది కూడా ఒక వస్తువే అనుకుని దానిమీదా చెయ్యి వెయ్యాలి. 2023లో ఆత్రేయపురం పూతరేకులకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. తయారీ ఎవరైనా రాసెయ్యచ్చు: బియ్యం నానబెట్టి రుబ్బి పల్చటి జావ చేసుకో, బోర్లించిన కుండ కింద మంట పెట్టు, పల్చటి గుడ్డని జావలో ముంచి కుండ వీపు మీద లాగు, ఆరగానే రేకు తియ్యి. ఇది చదివి ఒకసారి ప్రయత్నించండి. గుడ్డ లాగే చెయ్యి ఆగితే దళసరి, తడబడితే చిల్లు, మంట ఎక్కువైతే రేకు మాడి ముక్కలు. ఆత్రేయపురంలో ఈ పని చేసే ఆడవాళ్ళు పక్కావిడతో కబుర్లు చెప్తూ, కుండ వంక సరిగ్గా చూడకుండానే లాగేస్తారు.

1949లో ఇంగ్లీషు తత్వవేత్త గిల్బర్ట్ రైల్ చెప్పింది దీనికి బాగా అతుకుతుంది. ఒక పని చెయ్యడం రావడమూ, ఆ పని గురించిన సంగతులు తెలియడమూ వేరువేరు అన్నాడు. ప్రతి నేర్పైన పనికీ ముందు మనసులో నియమం గుర్తుచేసుకోవాలంటే, ఆ నియమాన్ని సరిగా గుర్తుచేసుకోవడం కూడా ఒక నేర్పే కదా, దానికి ఇంకో నియమం కావాలి, ఇలా తుది ఉండదు. 2001లో జేసన్ స్టాన్లీ, తిమోతీ విలియమ్సన్ దీన్ని కాదన్నారు. పని వచ్చినవాళ్ళకి "ఇదీ దీన్ని చేసే తీరు" అన్న సంగతి తెలుసు, కాకపోతే చేతి వైపు నుంచి తెలుసు, అంతే తప్ప రెండు రకాల తెలివి లేదు అని.

ఎవరిది రైటో తేల్చుకోడానికి ఒక పరీక్ష చెప్తాను. పని బాగా వచ్చిన ఎవరిదగ్గరైనా కూర్చుని, కొబ్బరికాయ వలిచేవాళ్ళయినా సరే, "ఎలా చేస్తున్నారు?" అని అడగకండి. వాళ్ళు చేస్తుండగా మీరు తప్పుగా చేసి చూపించండి. "అలా కాదండీ, ఇలా" అని చెయ్యి పట్టుకుని దిద్దుతారు. ఆ "ఇలా" అన్న మాటలో ఒక సంగతి ఉందా, లేక ఒట్టి చెయ్యే ఉందా? నాకు మొగ్గు స్టాన్లీ వైపు కాదు, రైల్ వైపే. దిద్దగలగడం కూడా ఇంకో నేర్పే అని నా అనుమానం, ఎందుకంటే అద్భుతంగా చేస్తూ ఒక్క ముక్క దిద్దలేనివాళ్ళూ మనకి తెలుసు.

వాదించేటప్పుడు

ఒంటరిగా చేస్తే ఈ విద్య త్వరగా తుప్పు పడుతుంది, మనిషి కావాలి. టీకొట్టు మంచిదే, పెళ్ళి పందిరి వద్దు. అవతలివాళ్ళు "ఎవరి దృష్టిని బట్టి వాళ్ళకండీ" అంటే, "జిల్లా విషయంలోనా, గూటీ విషయంలోనా?" అని అడగండి. చాలాసార్లు అక్కడే మాట చక్కబడుతుంది. "ఇవన్నీ కూడు పెడతాయా?" అంటే పెట్టవనే చెప్పండి, అబద్ధం ఎందుకు. "మన పెద్దలు ఎప్పుడో చెప్పేశారు" అన్నవాళ్ళని ఏ పుస్తకంలో ఎలా చెప్పారో అడిగితే, నిజంగా చదివినవాళ్ళు దొరికితే ఆ పూట పండగే. మేనమావలతో వాదన పెట్టుకుంటే మాత్రం ఉదాహరణకి వాళ్ళ ఊరి ప్రభ వాడకండి.

ఇవన్నీ అయ్యాక ఇంటికి తీసుకెళ్ళడానికి రెండు లెక్కలు. రాజమండ్రి దగ్గర హేవలాక్ వంతెన 1900లో తెరిచారు, 1997లో రైళ్ళు ఆపేశారు, కానీ ఇప్పటికీ నిలబడే ఉంది. ఎవరూ దాటని వంతెన వంతెనేనా, అదే ఆకారంలో ఉన్న ఇనుమా? రెండోది పులస. సముద్రంలో ఉన్నప్పుడు విలస, పెద్దగా అడిగేవాడుండడు. గుడ్లు పెట్టడానికి వరదకి ఎదురీది గోదాట్లోకి వచ్చాక వేలల్లో ధర. చేప మారిందా, నీళ్ళు మారాయా, మన నోరు మారిందా, ఒక్కొక్కటే మార్చి చూడండి. పులస పులుసు మర్నాటికి ఇంకా బాగుంటుందంటారు కాబట్టి ఆలోచించుకోడానికి ఒక రాత్రి టైం కూడా దొరుకుతుంది.